వంక లేని వంక

జూన్ 19, 2024

ఈ ఏడు వాన తొందరగా పడింది. చిత్రావతిలో నీళ్లు వచ్చాయి. నీళ్లంటే ఇసుక మీద జానెడు పారుదల, మడుగుల్లో మోకాటి లోతు. మాకు అదే ఎక్కువ. పోయిన ఏడాది ఇదే నెలలో నా పీహెచ్‌డీ గైడ్ త్రివేణి మేడమ్‌కి వీడియో కాల్‌లో సైట్ చూపిస్తే, ఏరెక్కడమ్మా అని అడిగారు. నేను నిలబడ్డదే ఏట్లో.

పొద్దున ఆరింటికి సైట్ ఎ. అద్దకం షెడ్ల నుంచి వచ్చే కాలువ ఏట్లో కలిసే చోటికి కాస్త దిగువన. చౌడమ్మక్క వల విసిరింది. ముప్పై ఏళ్లుగా ఆమె ఈ ఏట్లో చేపలు పట్టి బత్తలపల్లె రోడ్డు పక్కన అమ్ముతోంది. నాకు శాంపిల్స్ పట్టిచ్చేది ఆమే. నాకు కావలసినవి పరిగెలు, వేలెడంత వెండి చేపలు. ఇది అవి గుడ్లు పెట్టే కాలం. మగవాటికి పక్కన ఎర్ర చార పొడుస్తుంది. చౌడమ్మక్క చెయ్యి పెట్టి చూడకుండానే ఆడ, మగ వేరు చేస్తుంది. నాకు లెన్స్ కావాలి.

తిరుగు బస్సులో కండక్టర్ ఐస్ బాక్స్ చూసి ఏముందని అడిగాడు. చేపలన్నాను. అమ్మడానికా అన్నాడు. కాదు, నీళ్లలో కలిసే రంగులూ మందులూ ఏటి చేపల సంతానాన్ని ఏం చేస్తున్నాయో చూడడానికి, మగచేప వృషణంలో గుడ్లు కనపడుతున్నాయి, అది ఎందుకో తెలుసుకోవడానికి అన్నాను. ఆయన టికెట్ ఇచ్చి ముందుకు వెళ్లిపోయాడు. చిల్లర కూడా మర్చిపోయాడు.

జూన్ 20

సైట్ బి. మా ఊరు. మా చీనీ (బత్తాయి) తోట కింద పారే వంకకి కట్టిన చెక్‌డ్యామ్ మడుగు. ఇది నా కంట్రోల్. కంట్రోల్ అంటే కాలుష్యం లేని చోటు. అక్కడి చేపతో పోలిస్తేనే సైట్ ఎ చేపకి ఏమైందో చెప్పగలం.

మూడేళ్ల క్రితం కంట్రోల్ కోసం వెతుకుతుంటే నాయనే చెప్పాడు, మన వంక ఉండగా ఎక్కడికో ఎందుకు, షెడ్డు లేదు, ఫ్యాక్టరీ లేదు, ఊరి మురుగు కూడా రాదు, మన నీళ్లకి వంక పెట్టేవాడు పుట్టలేదు అని. నాకూ అదే నమ్మకం. నేను ఈత నేర్చుకున్నది ఆ మడుగులోనే.

పోయిన ఏడాది అక్కడ అడుగు నీళ్లే మిగిలాయి. మొత్తం ఎనిమిది చేపలు దొరికితే ఏడు ఆడవి. లెక్కకి పనికిరావని వదిలేశాను. అందుకే కాన్ఫరెన్స్ పోస్టర్‌లో సైట్ ఎ ఫలితం ఒక్కటే పెట్టి, కింద చిన్న అక్షరాల్లో కంట్రోల్ పెండింగ్ అని రాశాను.

ఈసారి మడుగు నిండుగా ఉంది. నలభై మగచేపలు కావాలి. చౌడమ్మక్క చాలాసేపు వల వేసింది. ఈసారి ఆమె కూడా ఒక్కొక్కదాన్ని ఎత్తి, వెలుగులో తిప్పి చూసింది. ఎర్రచార సరిగ్గా లేదని ఫీల్డ్ బుక్‌లో రాసుకున్నాను. వాన ఇంకా పడాలేమో.

అమ్మ రాగి సంగటి చేసి పంపింది. చౌడమ్మక్కా నేనూ చెక్‌డ్యామ్ గోడ మీద కూర్చుని తిన్నాం.

జూలై 6

షెడ్ల కాలువ నీళ్లు తీసుకోవడానికి వెళ్లాను. లోపలికి రానిచ్చింది ప్రతాప్ అన్న ఒక్కడే. ఆయన పద్దెనిమిదేళ్లుగా పట్టు నూలుకి రంగు వేస్తున్నాడు. మోచేతుల దాకా ఊదారంగు. భార్య కృపాకుమారి అదే షెడ్డులో నూలు ఆరేస్తుంది.

షెడ్డు అంటే పెద్దదేం కాదు. రేకుల కప్పు, నాలుగు రాగి గంగాళాలు, పొయ్యి. వాడిన నీళ్లు కాలువలోకి వదులుతారు. వేరే దారి లేదు, ట్యాంకు కట్టమని ఓనర్‌కి ఎప్పటినుంచో చెబుతున్నామన్నాడు ప్రతాప్ అన్న. నేను బాటిళ్లు నింపుకునేంతసేపూ నా పక్కనే నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనకుండా కాపలా.

వచ్చేటప్పుడు అడిగాడు, ఈ నీళ్లు చేపకి చేసేది మనిషికీ చేస్తుందా అని. కృపాకుమారికి రెండుసార్లు కడుపు పోయిందట. నేను చేపల మీదే పని చేస్తున్నాను, మనుషుల సంగతి నాకు తెలియదు, డాక్టర్‌కి చూపించుకోండి అన్నాను. అది నిజమే. నిజమైనా నోట్లో చేదుగా ఉంది.

జూలై 21

ఇంటికి వెళ్లాను. హాల్లో నా పోస్టర్ జిరాక్సులు కట్టలు కట్టి ఉన్నాయి. నాయన రెండు వందల కాపీలు తీయించాడు. ఏటి వెంబడి తొమ్మిది ఊళ్ల రైతులని కూడగడుతున్నాడు, షెడ్లు మూయించాలని. అప్లికేషన్ పైన నా పేరు. రీసెర్చ్ స్కాలర్ ఆశ్రిత, మాజీ సర్పంచ్ దివాకర్ గారి కూతురు.

నాయన ఏ పని చేసినా ఇలాగే. సర్పంచ్‌గా ఉన్నప్పుడు చెక్‌డ్యామ్ కోసం అనంతపురం ఆఫీసుల చుట్టూ పదకొండు నెలలు తిరిగాడు. ఇప్పుడు దిగువ ఊరిలో రెండు చూడి బర్రెలు ఈసుకుపోయాయట, నెలలు నిండకుండానే దూడలు పడిపోయాయట, ఏటి నీళ్లు తాగాకే అని అందరూ అంటున్నారట. ఆ కోపం నిజమైనదే. ఊళ్లో మళ్లీ నలుగురూ తన వెంట నడుస్తున్నారన్న సంతోషమూ నిజమైనదే.

కంట్రోల్ పెండింగ్ అన్న లైను చూపించి, ఇంకా పని పూర్తి కాలేదు నాయనా అన్నాను. కంట్రోల్ మన వంకే కదా, దాంట్లో చూసేదేముందన్నాడు. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించాడు. అమ్మ మజ్జిగ ఇస్తూ, మీ నాయన ఇంతగా నవ్వి ఎన్నాళ్లయింది అంది.

మజ్జిగ తాగి, సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

ఆగస్టు 3

స్లైడ్ల కోసం పల్చటి పొరలు కోసే మైక్రోటోమ్ బ్లేడు విరిగింది. రెండు రోజులు పోయాయి.

ఆగస్టు 16

రోజుకి ముప్పై స్లైడ్లు. మెడ పట్టేసింది.

ఏ స్లైడ్ ఏ సైట్‌దో నాకు తెలియకూడదు. తెలిస్తే కళ్లు కావలసిందే చూస్తాయి. అందుకే నా జూనియర్ నందిని లేబుళ్లు తీసేసి తన కోడ్ అంటించింది. కోడ్ కాగితం ఆమె బీరువాలో కవర్లో ఉంది.

మంచి వృషణం మైక్రోస్కోప్ కింద చూస్తే ఊదారంగు చుక్కల గుంపులు, అంతా వీర్యకణాలే. మధ్యలో ఒక పెద్ద గులాబీ గుండ్రం కనపడితే అది గుడ్డు. మగచేపలో ఉండకూడనిది. ఒక్కోదాంట్లో ఒకటే ఉంటుంది. ఒక్కోదాంట్లో ఏడు, ఎనిమిది.

ఇది వరసగా ఒకే గుంపు స్లైడ్లలో వస్తోంది. నందిని వాటికి కె అని పెట్టింది. ఎమ్ గుంపులోనూ ఉన్నాయి, ఇంత లేవు. సైట్ ఎ పోయిన ఏడాదికన్నా చెడిందన్నమాట. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు సంతోషం వేసింది. ఇంత స్పష్టమైన ఫలితం ఎవరికి దొరుకుతుంది?

ఎమ్ గుంపులో గుడ్లు ఎందుకున్నాయో తరవాత చూసుకోవచ్చు.

ఆగస్టు 23, ఉదయం 11

లెక్క పూర్తయింది. కె: నలభైలో పదిహేడు. ఎమ్: నలభైలో తొమ్మిది.

నందినిని కవర్ తెమ్మన్నాను. టీ తాగుతూ చింపాను.

కె అంటే సైట్ బి.

నందినికి పొరపాటయిందనుకున్నాను. ఆమె తన నోట్‌బుక్ తెచ్చింది. అందులోనూ అదే. పాత లేబుళ్లు కూడా పారేయకుండా ఒక పేజీలో అంటించి పెట్టింది. ఒక్కొక్కటీ సరిచూశాను. నా చేతిరాతే. వంక, వంక, వంక.

షెడ్ల కింద తొమ్మిది. మా తోట కింద పదిహేడు.

నందిని టీ చల్లారిపోతుందక్కా అంది.

సాయంత్రం 4

మళ్లీ లెక్కపెట్టాను. పద్దెనిమిది. ఏది ఎక్కడిదో తెలిశాక పెట్టిన లెక్క చెల్లదు, పదిహేడే రాసుకోవాలి.

ఆగస్టు 24

నాయన ఫోన్ చేశాడు. తియ్యలేదు.

ఆగస్టు 26

త్రివేణి మేడమ్‌కి చూపించాను. గంటసేపు స్లైడ్లు చూశారు. కంట్రోల్ ఫెయిలవడం కొత్తేమీ కాదు, చాలామందికి జరుగుతుంది, ఇంకో చోటు చూసుకో, సైట్ బి తీసేసినా ఎవరూ అడగరు, నీకు ఫెలోషిప్ ఇంకా ఆరు నెలలే ఉంది అన్నారు. ప్రేమగానే అన్నారు. మీ నాయన సంగతి ఆమెకి తెలుసు. పేపర్లో చూశారట.

సరే మేడమ్ అన్నాను. సరే అన్న మాట వెంటనే వచ్చింది. బస్టాప్ దాకా చాలా తేలికగా నడిచాను.

ఆగస్టు 28

మేడమే ఫోన్ చేశారు. మొన్న చెప్పింది మర్చిపొమ్మన్నారు. మూడో సైట్ తీసుకో, బి కూడా ఉంచు, నోట్‌బుక్‌లో ఉన్నదంతా థీసిస్‌లో ఉండాలి, లేకపోతే నేను సంతకం పెట్టనన్నారు. తరవాత, అలా చెప్పినందుకు ఏమీ అనుకోకమ్మా అన్నారు.

మీ నాయన అని రాశాను పైన. మా నాయన.

సెప్టెంబర్ 1

చౌడమ్మక్క ఇంటికి వెళ్లాను. వల బాగుచేస్తోంది. ఫలితం చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. తలెత్తి కూడా చూడలేదు. ముడి బిగించి, పన్నుతో దారం తెంపింది.

అప్పుడు చెప్పింది. వంకలో మగచేప ఎర్రబడక అయిదారేళ్లయిందట. ఆడచేప కడుపు కోస్తే గుడ్లు నల్లబడి ముద్దగా ఉంటాయట. నా కోసం తప్ప తాను అక్కడ వల వేయదట. మనవరాలికి ఆ చేప పెట్టదట. ఏట్లో చేప ఎంత చెడ్డా వంక చేపకన్నా మేలేనంది.

ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెరిగిందేమో, లోపలినుంచి ఆమె కోడలు తొంగి చూసింది.

"నువ్వు అడగల్యా కదమ్మా. అడిగినా ఏమని చెప్తా? అది మీ నాయన తోట కింద నీళ్లు. రేపు నేను ఆ దావన పోవల్ల కదా."

నేను జువాలజీలో గోల్డ్ మెడలిస్ట్‌ని. రెండేళ్లు ఆమె పక్కన కూర్చుని సంగటి తిన్నాను. చేప ఎప్పుడు దొరుకుతుంది, ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని దొరుకుతాయి అని అడిగాను. చేప ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు.

లేచేటప్పుడు తన పేరు ఎక్కడా రాయొద్దంది. రాయనన్నాను. ఇక్కడ రాస్తున్నాను. ఇది ఎవరూ చదవరు.

సెప్టెంబర్ 6

సైట్ సి దొరికింది. ఎగువన కొండల దగ్గర, తోటలూ షెడ్లూ లేని చోటు. మూడు గంటలు నడక. చౌడమ్మక్క వచ్చింది. అక్కడి మగచేపలు నిజంగా ఎర్రగా ఉన్నాయి, మిరపపండు చారలా. ఇది చేప, అంది ఆమె.

మూడు చోట్ల అడుగు బురద తీసి హైదరాబాద్ ల్యాబ్‌కి పంపాను.

సెప్టెంబర్ 17

ప్రతాప్ అన్న ఫోన్. షెడ్లకి నోటీసులు వచ్చాయట. అక్టోబర్ తొమ్మిదిన పబ్లిక్ హియరింగ్, ఆ తరవాత సీలు. ఓనర్ నూలు వేరే ఊరికి పంపడం మొదలుపెట్టాడు. పనివాళ్లని రేపటినుంచి రావద్దన్నాడు. నూట నలభై మంది.

ఆయన కేకలు వేయలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. నెమ్మదిగా అడిగాడు. "మేడమ్, ఆ పొద్దు నేను లోపలికి రానిచ్చింది ఇందుకేనా?"

ఆయనే ఫోన్ పెట్టేశాడు.

సెప్టెంబర్ 28

సైట్ సి స్లైడ్లు: ముప్పై ఆరులో ఒకటి.

ల్యాబ్ రిపోర్ట్ కూడా వచ్చింది. సైట్ ఎ బురదలో రంగుల తాలూకు లోహాలు. సైట్ బి బురదలో ఒక పురుగుమందు. పన్నెండు, పదమూడేళ్ల క్రితమే నిషేధించింది. హార్మోన్లని చెడగొడుతుందని నేను చదివిన పేపర్లన్నింట్లో ఉండేది. కొత్తగా కలిసినట్టుంది చూడు, ఎక్కడినుంచో ఇంకా కారుతోంది అన్నారు మేడమ్.

రేపు ఇంటికి.

సెప్టెంబర్ 29

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయనకి రిపోర్ట్ ఇచ్చాను. అమ్మ గిన్నెలు తీస్తోంది. నాయనకి ఇంగ్లీష్ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు. మందు పేరు దగ్గర వేలు ఆగింది. పైకి చదవలేదు. ఆ పేరు ఆయనకి చదవనక్కరలేకుండానే తెలుసు.

కోప్పడతాడనుకున్నాను. కండువాతో ముఖం తుడుచుకుని, రా అని లేచాడు. తోటలో పంపు షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఏమీ లేదు. కంప చెట్లు, కాస్త దిగబడిన నేల. కింద పదిగజాల్లో వంక.

అంతా చెప్పాడు. నా చిన్నప్పుడు మూడేళ్లు వరసగా వాన లేదు. బోర్లు ఎండాయి. ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లని బతికించుకుంటే పురుగు పట్టింది. ఆ ఒక్క మందుకే అది చచ్చింది. నిషేధిస్తున్నారని తెలిసి, ముందుగానే తెచ్చి షెడ్డులో పెట్టుకున్నాడు. రెండేళ్లు కొట్టాడు. తరవాత ఎవరో వ్యవసాయ ఆఫీసర్ మీటింగ్‌లో చెప్పాడట, ఆ మందు తాకితే పిల్లలకి ప్రమాదమని. ఆ రోజే వచ్చి మిగిలిన డబ్బాలన్నీ పాతిపెట్టించాడు. ఇరవైకి పైనే.

"నువ్వు సెలవుల్లో ఆ షెడ్డు చుట్టూరే ఆడుకుంటాంటివి పాపా. చేతికి దొరుకుతాయని భయమైంది. ఆరడుగులు తవ్వించినా. మంచి పనే చేసినా అనుకున్యా."

రేకు డబ్బాలు. నాలుగైదేళ్లకే తుప్పు పట్టి చిల్లులు పడి ఉంటాయి. వాన పడ్డప్పుడల్లా వంకలోకి.

తోటలో ఎక్కడో డ్రిప్ పైపు లీకై చుక్కచుక్కగా పడుతోంది. నాయన వెళ్లి దాన్ని సరిచేసి వచ్చాడు. అప్పుడు అడిగాడు, హియరింగ్‌లో ఇది కూడా చెబుతావా అని.

"చెప్తా నాయనా. రెండూ చెప్తా."

"తొమ్మిది ఊర్లోల్లని నేనే పిలుచుకొనొస్తాండా. నన్ను చూసి నగుతారు."

చెప్పొద్దని మాత్రం అనలేదు. అంటాడేమోనని సాయంత్రం బస్సు ఎక్కేదాకా ఎదురుచూశాను. అంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు.

అక్టోబర్ 8

అమ్మ ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగింది. నాయన గురించి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అక్టోబర్ 9

కల్యాణ మండపంలో పెట్టారు. ఎడమవైపు రైతులు, కుడివైపు షెడ్లవాళ్లు. మధ్యలో పెళ్లికొడుకు వచ్చే దారి. నాయన ఎడమవైపు మొదటి వరసలో తెల్లచొక్కాతో కూర్చున్నాడు. వస్తాడనుకోలేదు. ఆయనని పలకరించేవాళ్లు పలకరిస్తూనే ఉన్నారు. ఆయన తల ఊపుతున్నాడు.

స్లైడ్లు వేసి చూపించాను. సైట్ ఎ, నలభైలో తొమ్మిది. ఎడమవైపు చప్పట్లు. సైట్ సి, ముప్పై ఆరులో ఒకటి. ఇంకా చప్పట్లు. సైట్ బి, నలభైలో పదిహేడు అన్నాను. మొదట ఎవరికీ అర్థం కాలేదు. వేదిక మీద ఆఫీసర్ అడిగారు, ఈ బి అనేది ఎక్కడమ్మా, అక్కడ ఏ షెడ్లున్నాయని.

ఒక వాక్యం రాసి తెచ్చుకున్నాను. వ్యవసాయ ప్రాంతంలోని ఒక ఉపనది అని. నిన్న ఆ వాక్యం మీద రెండు గంటలు కూర్చున్నాను. అదీ అబద్ధం కాదు. కాగితం చేతిలో ఉంది.

కుడివైపు ప్రతాప్ అన్న నిలబడి ఉన్నాడు. కృపాకుమారి కూర్చుని ఉంది.

"మా చీనీ తోట కింద వంక సార్. మా నాయన దివాకర్ గారి తోట" అన్నాను.

పురుగుమందు సంగతి చెప్పాను. పాతిపెట్టిన సంగతి చెప్పాను. ఎందుకు పాతిపెట్టాడో కూడా చెబుదామనుకున్నాను. కుడివైపు ఈలలూ నవ్వులూ మొదలయ్యాయి. మైకులో నా గొంతు నాకే వినపడలేదు. ఎవరో నాయన పేరు పెట్టి ఏదో అరిచారు. ఆయన లేచాడు. కండువా భుజం మీద సర్దుకున్నాడు. ఆ మధ్య దారిలోంచే, అంతమంది చూస్తుండగా, తలుపు దాకా నడిచి వెళ్లిపోయాడు. వెంట వచ్చిన వాళ్లలో కొందరు లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నారు.

ప్రతాప్ అన్న నవ్వలేదు. పక్కవాడి చెయ్యి పట్టుకుని ఈల ఆపించాడు. అది చూశాను.

అక్టోబర్ 22

ఏం జరిగిందంటే: షెడ్లకి సీలు వేయలేదు. మూడు నెలల్లో అందరూ కలిసి శుద్ధి ట్యాంకు కట్టుకోవాలన్నారు. ప్రతాప్ అన్నకి వారానికి మూడు రోజులు పని దొరుకుతోంది. కృపాకుమారిని అనంతపురంలో డాక్టర్‌కి చూపించడానికి నేను తోడు వెళ్లాను. రిపోర్టులు రావాలి. బస్సు దిగేటప్పుడు ఆమె నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టింది.

షెడ్లవాళ్లని మాత్రమే అనాల్సింది పోయి మనవాళ్లనీ అంటావా అని ఊళ్లో కొందరు అమ్మని అడిగారట. మా తోటల కిందా తీసి చూడమని ఇద్దరు రైతులు నాకు ఫోన్ చేశారు. ఇద్దరే.

బత్తలపల్లె రోడ్డు మీద చేపలు ఎవరూ కొనడం లేదు. చౌడమ్మక్క ఉరవకొండ వైపు శనక్కాయలు పీకడానికి కూలికి పోయింది. నాలుగుసార్లు ఫోన్ చేశాను. అయిదోసారి కోడలు తీసింది. అత్త పనిలో ఉంది, ఏమీ అనుకోలేదు, మళ్లీ చెయ్యొద్దంది అని చెప్పింది. ఇందులో ఏది చౌడమ్మక్క మాటో తెలియలేదు.

నేను చేసింది సరైనదే. ఆ మాట రోజూ రాసుకోవాలనిపిస్తోంది.

నాయన మాట్లాడి ఇరవై మూడు రోజులు.

నవంబర్ 12

డిపార్ట్‌మెంట్ వరండాలో నాయన కూర్చుని ఉన్నాడు. అటెండర్ కుర్చీ వేశాడట. చెప్పకుండా వచ్చాడు. తెల్లచొక్కా కాదు, తోటకి వేసుకునే చొక్కా. ఆ చేప చూపించు అన్నాడు. అంతే.

మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాను. మొదట ఏమీ కనపడలేదన్నాడు. ఒక కన్ను మూసుకున్నాడు, రెండూ తెరవాలని చెప్పాను. నాబ్ తిప్పడం చూపించాను. బోరు మోటారు విప్పే ఆ మొరటు వేళ్లు దాన్ని చాలా నెమ్మదిగా తిప్పాయి. కనపడుతోందన్నాడు.

ఊదావి మగ కణాలు, మధ్యలో గులాబీది గుడ్డు అని చెప్పాను. ఎన్నున్నాయని అడిగాడు. ఈ చేపలో ఆరు అన్నాను. తానే లెక్కపెట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. తరవాత కూడా కళ్లు తీయలేదు. నందిని వచ్చి, మమ్మల్ని చూసి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది.

"దానికి నొప్పి ఉంటాదా పాపా?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. మూడు కాన్ఫరెన్సుల్లో, ఇద్దరు రివ్యూయర్లు, ఎవరూ. నాకు తెలియదన్నాను.

బాగయ్యే దారుందా అన్నాడు. ఈ చేపకి లేదు, దీని తరవాత పుట్టేవాటికి ఉండొచ్చు అన్నాను. ఎన్నేళ్లు అన్నాడు. కారడం ఆగితే, వానలు పడితే, కొన్నేళ్లు. కచ్చితంగా చెప్పలేను.

క్యాంటీన్‌లో టీ తాగాం. మా అమ్మ మోకాళ్ల నొప్పి గురించి, చీనీ కాయ ఈసారి నున్నగా దిగిందని మాట్లాడాడు. హియరింగ్ మాట తేలేదు. బస్టాండ్‌లో నా తల మీద చెయ్యి పెట్టి, తీసేసి, బస్సెక్కాడు.

నవంబర్ 21

నాయన ఫోన్. చేతులకి గ్లౌజులు, ముఖానికి గుడ్డలు కట్టుకుని గుంత తవ్వించాడట. డబ్బాలు కాదు, తుప్పు మాత్రమే ఉందట. చుట్టూ ఉన్న మట్టితో సహా ఎత్తితే రెండు ట్రాక్టర్లయింది. యాడెయ్యల్ల అని అడిగాడు. వంక పక్కన వద్దన్నాను. తోటలో వద్దన్నాను. బీడులో, బావిలో, రోడ్డు పక్కన, ఏదీ వద్దన్నాను. మరి యాడ అన్నాడు. కనుక్కుంటానన్నాను. పొద్దుటినుంచి ఏడు ఆఫీసులకి ఫోన్ చేశాను. రాసి పంపమన్నారు. ట్రాక్టర్లు రెండూ టార్పాలిన్ కప్పుకుని మా ఇంటి వాకిట్లో ఉన్నాయి. నాయన వాటి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. పిల్లలు ఎవరూ దగ్గరికి రాకుండా.